మ్యాన్‌హోల్‌లోకి దిగని బయాలజీ (వాడలోంచి చదువు – 6)



ఈసారి ఇంగ్లీషు మీడియం గురించి రాస్తానని పోయిన భాగం చివర్లో మాటిచ్చాను. అది ఇంకో వారం ఆగాలి. మూడు వారాల కింద ఒక హాస్టల్‌లో ఒక పిల్ల అడిగిన ప్రశ్న నా బుర్రలోంచి పోవట్లేదు. అది రాస్తేగానీ ఇంకోటి రాయలేను.

ఏ హాస్టలో, ఏ పట్నమో చెప్పను. పిల్ల పేరు అసలే చెప్పను. ఇంటర్ సెకండియర్, బైపీసీ. తండ్రి లేడు. తల్లి మున్సిపాలిటీలో కాంట్రాక్టు కింద రోడ్లు ఊడుస్తుంది. నేను ఆదివారాలు ఆ హాస్టల్‌కు పోతుంటాను. పిల్లలతో రెండు గంటలు కూర్చుని పేపర్ చదివిస్తాను, బాబాసాహెబ్ గురించి చెప్తాను, వాళ్ళకు సైన్సులో డౌట్లుంటే తీరుస్తాను. నేను చదివింది బీఎస్సీ, బీజెడ్‌సీ. ఉద్యోగం రాలేదు గానీ చదివింది మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ రోజు పిల్లలంతా అన్నానికి లేచారు. వార్డెన్ మేడం వరండాలో కూర్చుని రిజిస్టర్ రాసుకుంటున్నారు. ఈ పిల్ల ఒక్కతే ఆగింది. చెప్పు కొసతో నేల గీకుతూ అడిగింది.

"సార్, తెలివి జీన్స్‌ల ఉంటదా?"

ఎందుకడుగుతున్నావమ్మా అన్నాను. చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పింది. కాలేజీలో మెండెల్ పాఠం జరుగుతోందట. బఠానీ మొక్కలు, పొడుగు, పొట్టి, డామినెంట్, రిసెసివ్. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు అన్నాడట, "అంటే సార్, రిజర్వేషనోళ్ళు రిసెసివ్ అన్నమాట" అని. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, బోర్డు తుడిచి, తర్వాతి టాపిక్‌కు పోయాడు.

"నాకు కోపం రాలే సార్. నిజమేనేమో అనిపించింది" అంది ఆ పిల్ల.

ఈ ముక్క విన్నాక నాకు ఆ కుర్రాడి మీద కోపం తగ్గిపోయింది. వాడు పదిహేడేళ్ళవాడు, ఇంట్లో విన్నదే క్లాసులో అన్నాడు. నా కోపం ఆ బోర్డు తుడిచిన చెయ్యి మీద. ఆ సారు చెప్పాల్సింది ఒక్క నిమిషం బయాలజీ. రిసెసివ్ అంటే తక్కువ అని కాదు, బలహీనం అని కాదు. జత జీన్లలో ఒకటి పైకి కనపడుతుంది, రెండోది కనపడకుండా ఉంటుంది, అంతే. ఓ బ్లడ్ గ్రూపు రిసెసివ్. మన ఊళ్ళలో ఆ గ్రూపు వాళ్ళు ఎంతమంది లేరు! ఆరో వేలు చాలా కుటుంబాల్లో డామినెంట్ లక్షణంగా వస్తుంది. మరి లోకమంతా ఆరు వేళ్ళతో తిరుగుతోందా? ఈ మాట చెప్పడానికి సిలబస్ దాటాల్సిన పని కూడా లేదు. అయినా చెప్పలేదు. ఎందుకంటే అది "సోషల్ టాపిక్" అనుకున్నాడు. నేను సైన్సు మాస్టర్ని, నాకెందుకీ కులం గొడవ అనుకున్నాడు.

బయాలజీ క్లాసులో మనుషుల సంగతి మాట్లాడకపోతే ఆ జాగా ఖాళీగా ఉండదు. కులం వచ్చి కూర్చుని తన బయాలజీ తాను చెప్పుకుంటుంది. అందుకే బయాలజీ పాఠంలోనే, ఆ పీరియడ్‌లోనే, ఆ సారు నోటితోనే చరిత్ర, నీతి, న్యాయం కూడా చెప్పాలంటాను. వేరే పీరియడ్ పెట్టి కాదు. వేరే పీరియడ్ సంగతి మనకు తెలుసు కదా. మన ఇంటర్‌లో ఏళ్ళ తరబడి ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్ అని ఒక పరీక్ష పెట్టారు. పాసైతే చాలు, మార్కులు లెక్కలోకి రావు. అది చదివి మారిన మనిషి మీకెవరైనా తగిలితే నాకు చెప్పండి, వెళ్ళి దండేసి వస్తా.

సైన్సు నేర్పితే చాలు, కులం దానంతటదే పోతుంది అనే మిత్రులు మనలో కూడా ఉన్నారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. డిగ్రీ సెకండియర్‌లో బ్లడ్ గ్రూపింగ్ ప్రాక్టికల్ చేశాం. నా పక్కన ఊళ్ళో పెద్ద రైతు కొడుకు. వేలు పొడిచి, ఒకే స్లైడు మీద ఇద్దరి రక్తం చుక్కలు పక్కపక్కన వేశాం. ఇద్దరిదీ బి పాజిటివ్. నేను సంబరపడిపోయాను. ఇంకేముంది, రుజువైపోయింది కదా అనుకున్నాను. వాడు స్లైడు చూశాడు, రికార్డులో రాసుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్ళ రూముకెళితే నాకు నీళ్ళు వేరే గ్లాసులోనే వచ్చాయి. ప్రాక్టికల్‌లో మాత్రం ఇద్దరికీ సమానంగా మార్కులు పడ్డాయి.

స్లైడు ఒప్పుకున్నంత తేలిగ్గా గ్లాసు ఒప్పుకోదు. కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులు కనిపెట్టింది 1901లో. అదే 1901లో మన దేశంలో జనాభా లెక్కలు జరిగాయి. దాని కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ. ఆయనకు ముక్కుల పిచ్చి. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వందతో గుణించి, దానికి నేసల్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పైన, ఎంత వెడల్పైతే అంత కింద అని తేల్చాడు రిస్లీ. చేతిలో కొలిచే పరికరం ఉంది, పట్టికలు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి. అప్పట్లో అది సైన్సే. మూఢనమ్మకం అని ఎవరూ అనలేదు. రక్తం గ్రూపులు కనిపెట్టిన సంవత్సరంలోనే ముక్కులతో కులాల లెక్క కూడా తేల్చారు. పుస్తకంలో మొదటిది ఉంది. రెండోది చెప్పకపోతే పిల్లలకు సైన్సు అంటే ఎప్పుడూ తప్పు చెయ్యని దేవుడిలాగే కనపడుతుంది. అలాంటి దేవుడు "నువ్వు రిసెసివ్" అంటే ఎదురు అడిగేదెవరు?

అడిగినాయన ఒకాయన ఉన్నాడు. బాబాసాహెబ్ 1948లో అచ్చయిన అంటరానివారి పుస్తకంలో ఈ ముక్కుల లెక్కలనే తీసుకుని, వాటినే పక్కపక్కన పెట్టి చూపించాడు. బ్రాహ్మణుల కొలతలకూ అంటరానివాళ్ళ కొలతలకూ జాతి తేడా చెప్పేంత దూరం లేదు, ఇద్దరూ ఒకే జాతి అన్నాడు. వాళ్ళ కొలబద్దతో వాళ్ళనే కొలిచాడు. అంతకు ముప్పై ఏళ్ళ ముందే, 1916 మే నెలలో, పాతికేళ్ళ వయసులో, కొలంబియా యూనివర్సిటీలో చదివిన వ్యాసంలో కులానికి అసలు తాళం చెవి ఏమిటో చెప్పాడు. సొంత కులంలోనే పెళ్ళి. మిగతావన్నీ దాని చుట్టూ పుట్టినవే.

జెనెటిక్స్ క్లాసులో చెప్పదగ్గ కథ ఇక్కడుంది. మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, 2009లో ఒకటి, 2013లో ఒకటి పెద్ద పేపర్లు అచ్చు వేశారు. 2013 పేపర్ ప్రకారం సుమారు 4,200 ఏళ్ళ కింది నుంచి 1,900 ఏళ్ళ కింది వరకు ఈ దేశంలో జనం విపరీతంగా కలిసిపోయారు. ఆ తర్వాత కలవడం ఆగిపోయి, ఎవరి గుంపులో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలైంది. అంటే మనందరి ఒంట్లో మిశ్రమమే ఉంది. తలుపులు మూసింది ఆ తర్వాతే. బాబాసాహెబ్ గ్రంథాలు తిరగేసి చెప్పిందాన్ని వీళ్ళు డీఎన్‌ఏ తిరగేసి చూశారు.

తలుపులు మూసుకుంటే ఏమవుతుందో కూడా బయాలజీయే చెప్తుంది. ఆంధ్ర వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము సరిగా పనిచెయ్యదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు మామూలు మనిషికి కొద్ది నిమిషాల్లో దిగిపోతే, వీళ్ళకు గంటలు పడుతుంది, అంతసేపూ వెంటిలేటర్ కావాలి. మత్తు డాక్టర్లకు ఈ సంగతి తెలుసు. ఎవరినీ ఎగతాళి చెయ్యడానికి చెప్పట్లేదు, ఆ మందు ఎక్కించే ముందు తెలిస్తే ప్రాణం నిలబడుతుంది. తరతరాలు ఒక చిన్న గుంపులోనే పెళ్ళిళ్ళు జరిగితే, మొదట్లో ఎవరో కొద్దిమందిలో ఉన్న లోపం గుంపంతా పాకుతుంది. ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు దీన్ని. కులం పై వాళ్ళకు కూడా ఒంటికి చేటే అని మెండెల్ పాఠంలోనే చెప్పొచ్చు. చెప్తే ఆ వెనక బెంచీ కుర్రాడు కూడా వింటాడని నా నమ్మకం.

సరే, ఆ పిల్లకు నేనేం చెప్పాను? తెలివికీ జీన్లకూ సంబంధమే లేదని చెప్పలేదు. అబద్ధం చెప్తే ఎంబీబీఎస్‌లో చేరాక ఆ పిల్లే నన్ను నిలదీస్తుంది. పొడుగు, రంగు, నేర్చుకునే తీరు, అన్నిట్లో జీన్ల పాలు కొంత ఉంటుంది. కానీ ఇద్దరు మనుషుల మధ్య తేడా వేరు, రెండు గుంపుల మధ్య తేడా వేరు. రిచర్డ్ లెవాంటిన్ అనే జెనెటిక్స్ శాస్త్రవేత్త 1970లో ఒక పోలిక చెప్పాడు. దాన్ని మా ఖమ్మం మిర్చిలోకి మార్చి చెప్పాను. ఒకే సంచిలోని విత్తనం రెండు మళ్ళలో చల్లు. ఒక మడికి నీళ్ళు, ఎరువు, ఎండ అన్నీ పెట్టు. రెండో మడిని ఎండగట్టు. ప్రతి మడిలో చెట్టుకూ చెట్టుకూ ఉన్న తేడా విత్తనం నుంచి వచ్చిందే కావచ్చు. కానీ ఈ మడికీ ఆ మడికీ ఉన్న తేడా మాత్రం నీళ్ళది. "మరి నీళ్ళెవరు కట్టేశిన్రు సార్?" అంది. అదీ ప్రశ్న. అది బయాలజీనా, చరిత్రా, రాజకీయమా? దాన్ని విడదీసి ఏ పీరియడ్‌లో వేస్తారో టైంటేబుల్ రాసేవాళ్ళు చెప్పాలి.

తర్వాతి ఆదివారం శ్వాసక్రియ పాఠం తీసుకున్నాను. పిల్లలకు అంతా నోటికి వచ్చు. గ్లైకాలిసిస్, క్రెబ్స్ సైకిల్, ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్, ఎన్ని ఏటీపీలు, ఏ మెట్టు మీద ఏ ఎంజైము, అన్నీ టకటకా. కాంప్లెక్స్ ఫోర్ అనగానే పది గొంతులు ఒకేసారి "సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్" అన్నాయి. దాన్ని ఆపేది ఏది అంటే "సైనైడ్" అన్నాయి. అది బిట్ కాబట్టి.

"డ్రైనేజీల దిగినోళ్ళు ఎందుకు చచ్చిపోతరు?" అని అడిగాను.

గదిలో చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో కూర్చున్న నలభై మందిలో కొందరి ఇళ్ళలో ఈ ప్రశ్న ప్రశ్న కాదు. ఒక పిల్ల మెల్లగా "ఊపిరాడక సార్" అంది.

బోర్డు మీద హైడ్రోజన్ సల్ఫైడ్ అని రాశాను. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే గ్యాసు. మూసిన మురుగులో బ్యాక్టీరియా తయారు చేస్తుంది. ఈ గ్యాసు కూడా వెళ్ళి పట్టుకునేది అదే కాంప్లెక్స్ ఫోర్‌ని. అంటే సైనైడ్ చేసే పనే. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. అన్నం ముందున్నా నోరు కుట్టేసినట్టు. అన్నిటికంటే ఘోరం ఇంకోటి ఉంది. ఈ గ్యాసు కొంచెంగా ఉంటే ముక్కు పగిలే కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే వాసన పసిగట్టే నరాన్నే చంపేస్తుంది, కంపు ఒక్కసారిగా మాయమవుతుంది. లోపలున్న మనిషి, హమ్మయ్య, గాలి తేటపడింది అనుకుంటాడు. ఆ తర్వాత కొన్ని ఊపిర్లే. పైనున్నవాడు లోపలివాడు పడిపోవడం చూసి దిగుతాడు, వాడూ పడతాడు. పేపర్లో మ్యాన్‌హోల్ వార్త వస్తే ఇద్దరు, ముగ్గురు అనే ఎందుకు ఉంటుందో ఇప్పుడు చెప్పండి అన్నాను. చెప్పారు. మైటోకాండ్రియా బొమ్మ వేసి మరీ చెప్పారు.

అప్పుడు అడిగాను. ఈ కాంప్లెక్స్ ఫోర్ అందరికీ ఉంటుంది కదా, మరి లోపలికి దిగేది ఎప్పుడూ మన వాడల వాళ్ళే ఎందుకు? అక్కడి నుంచి పాఠం చట్టంలోకి పోయింది. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడాన్ని కూడా నేరం చేస్తూ 2013లో ఇంకొకటి వచ్చింది. 2014 మార్చిలో సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు, 1993 నుంచి అలా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ ఆందోళన్ నడిపిన బెజవాడ విల్సన్, కోలార్ బంగారు గనుల కాలనీలో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి. ఇన్ని తీర్పులు వచ్చినా మరణం జరిగితే "ప్రమాదవశాత్తు" అనే రాస్తారు. ముందే తెలిసిన గ్యాసు, ముందే తెలిసిన ఎంజైము, ముందే తెలిసిన కులం. ఇందులో ప్రమాదం ఏముంది?

ఇదంతా చెప్పడానికి పట్టింది ముప్పావు గంట. ఇందులో ఏది సైన్సు, ఏది సోషల్ అని ఒక్క పిల్ల కూడా అడగలేదు.

ఆ మరుసటి వారం క్యాన్సర్ పాఠం. ఈ కథ కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. ఎందుకంటే అమెరికాలో మొదలై మన భద్రాచలంలో తేలుతుంది.

1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి వచ్చింది. 30 ఏళ్ళు, అయిదుగురు పిల్లలు. పొగాకు చేలల్లో పనిచేసిన కుటుంబం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. డాక్టర్లు ఆమె గడ్డలోంచి ముక్క కోసి ల్యాబుకు పంపారు. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. అక్టోబర్ 4న ఆమె చనిపోయింది. ఆమె కణాలు మాత్రం చావలేదు. రోజుకోసారి రెట్టింపవుతూ పోయాయి. వాటికి హీలా అని పేరు పెట్టి ప్రపంచమంతా పంచారు. ఆ కణాల మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి, కంపెనీలు వాటిని అమ్ముకున్నాయి. కుటుంబానికి ఇరవై ఏళ్ళ దాకా సంగతే తెలియదు. ఒక కంపెనీతో వారసులకు రాజీ కుదిరింది 2023లో.

పోలియో టీకాను పరీక్షించడానికి ఈ కణాలు కుప్పలుగా కావాల్సి వచ్చింది. వాటిని పెంచిన చోటు అలబామాలోని టస్కెగీ ఇన్‌స్టిట్యూట్. పెంచింది నల్లజాతి శాస్త్రవేత్తలు, టెక్నీషియన్లు. సరిగ్గా ఆ కాలంలోనే, ఆ టస్కెగీ చుట్టుపక్కలే ఇంకో పని జరుగుతోంది. 1932 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళను పోగుచేసింది. అందులో 399 మందికి సిఫిలిస్. మీకు రక్తం చెడింది, వైద్యం చేస్తున్నాం అని చెప్పారు. చెయ్యలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. రోగం ముదిరితే ఒళ్ళు ఏమవుతుందో చూస్తూ రాసుకున్నారు. 1972లో పత్రికలో బయటపడేదాకా నలభై ఏళ్ళు నడిచింది. ఒకే ఊరు. ఒక గదిలో నల్లజాతి చేతులు పిల్లల ప్రాణాలు కాపాడే పని చేస్తున్నాయి, ఇంకో గదిలో నల్లజాతి ఒళ్ళు కుళ్ళుతుంటే లెక్క రాసుకుంటున్నారు. రెండూ బయాలజీయే.

హెన్రియెట్టా కణాల్లో ఆ క్యాన్సర్ తెచ్చిన వైరస్ దాక్కుని ఉందని 1980ల్లో తేలింది. హెచ్‌పీవీ 18. ఈ వైరస్‌కూ ఆ క్యాన్సర్‌కూ ముడి విప్పిన హెరాల్డ్ సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. దాని మీద టీకా తయారైంది. ఆ టీకా 2009లో మన ఉమ్మడి ఖమ్మం జిల్లాకు వచ్చింది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు, సుమారు 14 వేల మంది. చాలామంది ఆదివాసీ పిల్లలు, ఎంతోమంది హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు భద్రాచలం పోయి చూసి గొంతెత్తాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు.

ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉందనడానికి విచారణ కమిటీకి ఆధారం దొరకలేదు. ఇద్దరు పురుగుమందు తాగారు, ఒకరు నీళ్ళలో మునిగారు, ఒకరిని పాము కరిచింది, ఒకరికి మలేరియా. మిగతా ఇద్దరి విషయంలోనూ టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువే అంది కమిటీ. ఆ టీకా మంచిది. మా బిడ్డకు నేనే దగ్గరుండి వేయించాను. ఈ క్యాన్సర్‌తో ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చి చచ్చిపోయేది ఎక్కువగా మన పేద ఆడవాళ్ళే, కాబట్టి ఆ టీకా ముందు కావాల్సింది మన పిల్లలకే. నా గొడవ సూదితో కాదు, సంతకంతో. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక చదవండి. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 ఒప్పుకోలు ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు బతికున్న పిల్లలకు వార్డెన్ ఎలా ఒప్పుకుంటారు? అడగడానికి ఆ తల్లి ఉన్న గూడేనికి మనిషిని పంపడం అంత బరువా?

ఈ అంకెలు చెప్పి పిల్లల్ని వాదించుకోమన్నాను. ఒక పిల్ల అంది, మేడమే కదా సార్ అన్నిటికీ సంతకం పెట్టేది, ఔటింగ్‌కు, స్కాలర్‌షిప్‌కు, ఇదీ అంతే. ఇంకో పిల్ల ఎగిరిపడింది, ఔటింగ్ పోతే సాయంత్రం తిరిగొస్తం, సూది వేశాక తీసేయగలరా? మూడో పిల్ల, మా అమ్మకు చదువురాదు, ఫారం చూపించినా ఏం తెలుస్తది అంది. దానికి మొదటి పిల్లే జవాబిచ్చింది. చదువురాకపోతే చెప్పొద్దా? మా అమ్మ బ్యాంకుల వేలిముద్ర వేసేటప్పుడు పది ప్రశ్నలడుగుతది. వరండాలోంచి వార్డెన్ మేడం లేచి వచ్చారు. నేను కొంచెం భయపడ్డాను, ఇంక రావొద్దంటారేమో అని. ఆమె గుమ్మంలో నిలబడి అన్నారు, "మమ్మల్నీ ఎవ్వరూ అడగరు సార్. పైనుంచి ఫోన్ వస్తది, ఇన్ని ఫారాలు సాయంత్రానికల్లా కావాలంటరు." ఆ మాట మా పాఠంలో లేదు. ఆ మాటతో పాఠం ఇంకో మెట్టు దిగింది.

ఈ సంగతంతా ఒక కార్పొరేట్ కాలేజీలో జువాలజీ చెప్పే మిత్రుడికి ఫోన్లో చెప్పాను. మనవాడే, మంచివాడే. "అన్నా, నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవి. నాకు రోజుకు ఇన్ని పేజీలు అని టార్గెట్ ఉంది. నీ హెన్రియెట్టాను ఎక్కడ కూర్చోబెట్టమంటావు?" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు, అది నాకు గుచ్చుకుంది. "వాళ్ళ పిల్లలకు షార్ట్‌కట్లు, మన పిల్లలకు కన్నీళ్ళా? మన పిల్లల్ని కూడా సీటు కొట్టనియ్యరాదూ."

ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మన పిల్లలకు సీటు కావాలి. ఇలా చెప్తే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను, అలాంటి లెక్క నా దగ్గర లేదు. కాంప్లెక్స్ ఫోర్‌ను ఆ నలభై మంది ఈ జన్మలో మర్చిపోరని మాత్రం చెప్పగలను. అయితే నా మిత్రుడు ఒకటి తప్పు అర్థం చేసుకున్నాడు. ఈ పాఠం మన హాస్టళ్ళకు మాత్రమే చెప్పమని నేననట్లేదు. మన పిల్లలకు డ్రైనేజీ సంగతి మనం కొత్తగా చెప్పేదేముంది, ఆ ఎంజైము పేరు తప్ప. ఇది ముందు చెప్పాల్సింది ఆయన ఏసీ క్యాంపస్‌లో, ఆ వెనక బెంచీలో. రేపు డాక్టరై మన అమ్మల్ని ముట్టుకోవాల్సింది, ఫారం మీద వాళ్ళ వేలిముద్ర తీసుకోవాల్సింది ఆ కుర్రాడే. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నీతి, మాట తీరు నేర్పే ఒక కోర్సు పెట్టారు, సంతోషం. కానీ అప్పటికే రెండేళ్ళు బిట్లలో నానబెట్టి తీసిన బుర్ర అది.

పైనున్నవాళ్ళు ఎటు పోతున్నారో కూడా చూస్తున్నాం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ సిద్ధాంతాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని సంతకాలు పెట్టారు. ఆ పుస్తకం చదివి, పదో తరగతి తర్వాత బైపీసీ తీసుకోని పిల్లకు మనుషులంతా ఒకే చెట్టు కొమ్మలని చెప్పే పాఠం అందులో దొరక్కుండా పోయింది. బ్రహ్మ ముఖం, బ్రహ్మ పాదం కథ మాత్రం ఎక్కడంటే అక్కడ ఉచితంగా దొరుకుతుంది.

ఆ పిల్ల సంగతి అడుగుతారు కదా. మళ్ళీ క్లాసులో లేచి అడిగిందట, "సార్, రిసెసివ్ అంటే తక్కువ అని కాదు కదా" అని. సారు ఒక్క క్షణం ఆగి, కాదు అన్నాడట. ఆ వెంటనే, ఇది ఎగ్జామ్‌లో రాదు, కూర్చో అన్నాడట. కూర్చున్నా సార్, అంది నాతో. ఇంకేం చెప్పలేదు.

మొన్న బుధవారం ఆ పిల్ల తల్లి ఫోన్ చేసింది. ఆమె మరిది అపార్ట్‌మెంట్ల డ్రైనేజీలు తీసే పనికి పోతాడు. పిల్ల సెలవులో ఇంటికొచ్చినప్పుడు బాబాయికి బొమ్మ వేసి మరీ చెప్పిందట. "వాసన పోయిందంటే గాలి మంచిగైందనుకునేటోళ్ళం అన్నా. అదే చావని నా బిడ్డ చెప్పింది" అంది. మరిది ఈసారి మిషన్ తెప్పిస్తేనే చేస్తా, లోపలికి దిగను అన్నాడట. మేస్త్రీ తిట్టలేదు, బతిమాలలేదు. పక్క వాడ నుంచి ఇంకొకతన్ని పిలిపించుకున్నాడు.

ఆ ఇంకొకతను ఎవరో, అతని పిల్లలు ఏ హాస్టల్‌లో చదువుతున్నారో కనుక్కుంటున్నాను.

వచ్చే ఆదివారం: మా తాత లందలో తంగేడు చెక్క, సున్నం, కరక్కాయ. తోలు కెమిస్ట్రీ మాదిగోళ్ళకు ఎవరు చెప్పారు? ఇంగ్లీషు మీడియం దాని తర్వాత, ఈసారి ఖాయం.

జై భీమ్.